కాన్పు నేర్పడంలో తల్లుల వంతు

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న టీచర్లు నన్ను అడిగే ప్రశ్నలు ఎక్కువగా పాఠాల గురించే ఉంటాయి. కాన్పు నేర్పే ఏ బొమ్మ మీద ఏది చూపాలి, ఏ వారానికి ఏది ముగించాలి, పిల్లలను పరీక్షకు ఎలా సిద్ధం చెయ్యాలి అని. వాటికి పుస్తకాలున్నాయి. నేను రాయదలచుకున్నది పుస్తకాల్లో పలుచగా ఉండే సంగతి. కాన్పు చెయ్యడం నేర్చుకునే పిల్ల ఎవరి ఒంటి మీద నేర్చుకుంటుందో ఆ తల్లికీ, బయట వరండాలో నిలబడి ఉండే ఆమె ఇంటివాళ్లకీ ఆ చదువులో వంతు ఉందా అన్నది.

నేను నంద్యాలలో ఒక నర్సింగ్ స్కూల్లో పనిచేశాను. తరగతులు నంద్యాలలో, చేతిపని ఆళ్లగడ్డ ఆసుపత్రిలో. పిల్లలతో పాటు నేనూ బస్సెక్కి పోయేదాన్ని. నా ఉద్యోగంలో సగం ఆ లేబర్ రూములోనే గడిచింది. అక్కడ జరిగిన ఒక కాన్పు చుట్టూనే ఈ సంగతంతా తిరుగుతుంది కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

నాగలక్ష్మి

నాగలక్ష్మిది దొర్నిపాడు. తొలి కాన్పు. పొద్దున్నే నొప్పులతో వచ్చింది. వెంట అత్త సుబ్బమ్మ, మొగుడు మద్దిలేటి. కొంచెం భూమి ఉన్న కుటుంబం. మాట మీద నిలబడే మనుషులు, ఎవరికీ జంకరు.

అప్పట్లో మా పద్ధతి ఇలా ఉండేది. నొప్పులతో ఒక తల్లి వస్తే గర్భాశయం ముఖద్వారం ఎంత తెరుచుకుందో విద్యార్థినులు ఒకరి తర్వాత ఒకరు చెయ్యి పెట్టి చూసేవాళ్లు. చూస్తేనే తెలుస్తుంది, నిజమే. ఒక్కొక్కరూ ఇన్ని పరీక్షలు చేసి ఉండాలని నియమం కూడా ఉంది. తల్లిని ఎవరూ అడిగేవాళ్లు కాదు. అడగాలని మాకు ఎవరూ చెప్పలేదు. నా చదువూ అలాగే అయింది.

ఆ రోజు నేను బయట ఓపీలో ఉన్నాను. లేబర్ రూములో స్టాఫ్ నర్సుతో పాటు అయిదుగురు పిల్లలున్నారు. ఇద్దరు చూడటం అయింది. మూడోది శైలజ వంతు.

శైలజది గడివేముల. మా బ్యాచిలో మొదటి మార్కులు తనవే. చేతులు చురుకు. బొమ్మ మీద ఏం చెప్పినా ఒక్కసారికే పట్టేసేది. నోరు మాత్రం కటువు. ఇంట్లో గేదెను అదిలించినట్టు తల్లులను అదిలించేది. దాన్ని తప్పుగా అనుకున్నవాళ్లం కాదు మేమెవరం. లేబర్ రూములో గట్టిగా మాట్లాడేవాళ్లే పని తెలిసినవాళ్లని మా అందరి నమ్మకం.

తర్వాత అందరూ చెప్పినదాన్ని బట్టి మాటలు ఇలా సాగాయి.

"కాళ్లు తియ్యమ్మా. దగ్గరికి పెట్టుకుంటే ఎట్ల?" అంది శైలజ.

"ఇంగ చాలు. ఇప్పుడే ఇద్దరు చూసిరి గదా" అంది నాగలక్ష్మి.

"వాళ్లు చూస్తే నాకు తెలుస్తాదా? కదలకుండా పండుకో. కాన్పుకొచ్చి సిగ్గుపడితే అయితాదా?"

తెర అవతల ఉన్న సుబ్బమ్మ ఆ మాట విన్నది. తెర తోసుకొని లోపలికి వచ్చింది.

"ఎంతమంది చూస్తారమ్మా? నా కోడలు కాన్పుకొచ్చిందా, మీ పరీక్షకొచ్చిందా? లెయ్ లక్ష్మీ, పోదాం. నంద్యాలకు పోదాం. రేయ్ మద్దిలేటీ, ఆటో పిలువ్!"

నేను వచ్చేసరికి నాగలక్ష్మి బల్ల దిగి గోడ పట్టుకొని నిలబడి ఉంది. మద్దిలేటి నిజంగానే ఆటో తెచ్చి గేటు దగ్గర పెట్టాడు. నొప్పులు దగ్గర దగ్గరగా వస్తున్నాయి. ఆ స్థితిలో నంద్యాలకు బయలుదేరితే దారిలోనే కాన్పు కావచ్చు. స్టాఫ్ నర్సు, "మా బాధ్యత లేదని సంతకం పెట్టి పోండి" అంటోంది. అది వాళ్లను ఇంకా తొందరపెడుతోంది.

నేను సుబ్బమ్మను పక్కకు పిలిచాను.

"అక్కా, నొప్పులు జోరుగా ఉండాయి. దారిలో అయితే ఏం చేస్తారు?"

"ఈడుంటే మాత్రం మీరేం చేస్తాండారు? ఒకరెనకాల ఒకరు చెయ్యి పెడ్తాండారు."

"ఎట్ల చెయ్యమంటారో మీరే చెప్పండి. అట్లే చేస్తాను."

సుబ్బమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నన్నెందుకు అడుగుతావ్? నొప్పులు పడేది అది. దాన్నడుగు."

నా ఉద్యోగంలో నాకు అందిన సలహాల్లో ఇంత సూటిగా ఉన్నది మరొకటి లేదు. వెళ్లి నాగలక్ష్మిని అడిగాను. ఆమె నొప్పి తగ్గేదాకా ఆగి చెప్పింది.

"నువ్వొక్కదానివే చూడు మేడమ్. ఆ పిల్లోళ్లు నన్ను ముట్టుకోవద్దు. మా అత్త నా పక్కనుండాల."

నలుగురిని బయటికి పంపాను. శైలజను చూపించి, "ఈ పాప నీ తల దగ్గర కూర్చుంటాది. నువ్వు చెప్తే తప్ప చెయ్యి వెయ్యదు. ఉండనిద్దునా, పంపేద్దునా?" అన్నాను.

నాగలక్ష్మి శైలజ వంక చూసింది. "ఉండనీ. నోరు మాత్రం తెరవొద్దని చెప్పు."

శైలజ మొహం ఎర్రబడింది. స్టూలు లాక్కొని కూర్చుంది. ఆ పూటంతా రెండు చేతులూ ఒళ్లో పెట్టుకొని అలాగే ఉంది. ఆసుపత్రి ఎదురుగా రోడ్డు మీద శిల్పాలు చెక్కేవాళ్ల సుత్తి దెబ్బలు గదిలోకి వినపడుతున్నాయి. కొంతసేపటికి నాగలక్ష్మి నీళ్లడిగింది. శైలజ గ్లాసు అందించింది. ఇంకొంతసేపటికి నొప్పి వచ్చినప్పుడు ఆమె తనంతట తనే శైలజ మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగేలా పట్టుకుంది. శైలజ చెయ్యి లాక్కోలేదు, మాట్లాడలేదు.

మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. మాయ కూడా బాగానే పడింది. బిడ్డ కొంచెం నీరసంగా ఉంటే నేనూ స్టాఫ్ నర్సూ బిడ్డ వైపు తిరిగాం. అప్పుడే నాగలక్ష్మి చాలా మెల్లగా అన్నది, నాకు వినపడేంత గట్టిగా కూడా కాదు, తర్వాత శైలజ చెబితే తెలిసింది.

"సిస్టరూ, కండ్లకు చీకట్లు కమ్ముతాండాయి."

"చూస్తా" అంది శైలజ. నాగలక్ష్మి తలూపింది. శైలజ పొట్ట మీద చెయ్యి వేసింది. "మేడమ్, గర్భసంచి మెత్తగా ఉండాది!" అని అరిచింది.

కాన్పు అయ్యాక గర్భసంచి గట్టిబడాలి. మెత్తగా ఉండిపోతే రక్తం ఆగదు. నేను తిరిగి చూసేసరికి శైలజ ఒక చేత్తో పొట్ట మీద నుంచి మర్దన చేస్తూ, రెండో చేత్తో గుడ్డ తీసి చూపిస్తోంది. గుడ్డ నిండుగా తడిసి ఉంది. సూది మందు వేశాం, సెలైన్ పెట్టాం, డాక్టరమ్మ పరుగున వచ్చింది. రక్తం ఆగింది. నాగలక్ష్మి బతికింది. ఇంకాస్త ఆలస్యమైతే ఏమయ్యేదో ఈ పనిలో ఉన్నవాళ్లకు చెప్పనక్కరలేదు.

సాయంత్రం సుబ్బమ్మ వరండాలో నన్ను ఆపి, "ఆ పాప పేరేంది?" అని అడిగింది. చెప్పాను.

కుర్చీలు వేసిన సభ

ఆ కాన్పు తర్వాత నాకొక ఆలోచన వచ్చింది. తల్లులనూ వాళ్ల ఇంటివాళ్లనూ తరగతికి పిలిచి, లేబర్ రూములో ఎలా అనిపించిందో పిల్లలకు చెప్పించాలని. మా ప్రిన్సిపాల్ అన్నపూర్ణ మేడమ్ దగ్గరికి వెళ్లాను.

అన్నపూర్ణ మేడమ్ గురించి ఒక మాట చెప్పాలి. వయసులో ఉండగా ఆమె పల్లె ఆసుపత్రుల్లో ఒంటరిగా, కరెంటు లేని గదుల్లో కాన్పులు చేసిన మనిషి. తల్లిని బతికించి బయటికి పంపడమే దయ అనీ, మిగిలినదంతా తీరిక ఉన్నవాళ్ల ముచ్చట అనీ ఆమె నమ్మకం. ఆ నమ్మకం ఊరికే వచ్చింది కాదు.

"వాళ్లు మన పిల్లలకు ఏం నేర్పుతారు? వాళ్లకేం తెలుసు?" అంది.

"కాన్పు చెయ్యడం తెలీదు మేడమ్. చేయించుకోవడం తెలుసు."

"సరే. ఒక్కసారి పిలువ్. చూద్దాం."

నంద్యాలలో స్కూలు హాల్లో సభ పెట్టాం. వేదిక మీద కుర్చీలు వేశాం. ప్రిన్సిపాల్, డాక్టరమ్మ, నేను కూర్చున్నాం. తల్లులు, అత్తలు చీరలు మార్చుకొని వచ్చారు. మైకు ఇస్తే ఒక్కొక్కరూ ఒకే మాట చెప్పారు. "అందరూ బాగ చూసినారు. మాకేం ఇబ్బంది లేదు." నాగలక్ష్మి కూడా అదే మాట చెప్పి కూర్చుంది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

తిరిగి వెళ్లేటప్పుడు నేను సుబ్బమ్మను అడిగాను. "ఏం అక్కా, ఆ రోజు అంత అరిస్తివి. ఈ రోజు ఏమీ ఇబ్బంది లేదంటివే?"

"డాక్టరమ్మను పక్కనే కూర్చోబెట్టుకొని అడిగితే ఎవురు చెప్తారు? రేపు మళ్లీ ఆమె దగ్గరికే గదా మేం పోవాల్సింది. నిజం కావాల్నంటే మా ఇంటికి రండి. తెల్ల కోట్లు ఇప్పేసి రండి."

మీరు ఇలాంటి పని మొదలుపెడితే ఈ సభ తప్పకుండా మీకూ ఎదురవుతుంది. మెప్పులు విని సంతోషపడి ఆగిపోకండి. మన గదిలో మన కుర్చీ ముందు నిలబెట్టి అడిగిన ప్రశ్నకు వచ్చే జవాబు మనకు కావలసిన జవాబే అవుతుంది.

దొర్నిపాడు వసారాలో

ఒక ఆదివారం పిల్లలను దొర్నిపాడు తీసుకెళ్లాను. యూనిఫాం లేకుండా, డాక్టర్లు లేకుండా. సుబ్బమ్మ ఇంటి వసారాలో చాప పరిచి ఉంది. ఒక మూల శనగల బస్తాలు. పిల్లలు చాప మీద కూర్చున్నారు. నాగలక్ష్మి బిడ్డను ఒళ్లో వేసుకొని మంచం మీద కూర్చుంది. వీధిలో కాన్పులైన ఇంకొందరు ఆడవాళ్లు కూడా వచ్చారు.

మొదట మద్దిలేటి మాట్లాడాడు. అది నేను ఊహించలేదు.

"మేం యాడ నిలబడాల మేడమ్? వరండాలో ఉంటే ఊడ్చే ఆయమ్మ పొమ్మంటాది. గేటు కాడుంటే వాచ్‌మెన్ పొమ్మంటాడు. లోపలేం జరుగుతాందో ఒక్క మాట చెప్పేటోళ్లు లేరు. ఆ పొద్దు ఆయమ్మ బకెట్టు పట్టుకొని బయటికొచ్చె. నీళ్లు ఎర్రగా ఉండె. అది చూసి నాకు నేనే అనుకుంటి, అయిపోయింది, నా పెండ్లాం పోయిందని. ఎవురైనా వచ్చి బతికుండాదని చెప్పింటే సాలు గదా?"

గది లోపల ఆ సమయంలో మేమంతా మా పని సరిగ్గానే చేస్తున్నాం. బయట ఒక మనిషి బకెట్టు నీళ్ల రంగు చూసి తన భార్య చావును లెక్కగడుతున్నాడు. రెండూ ఒకే తలుపుకు అటూ ఇటూ జరిగాయి.

తర్వాత నాగలక్ష్మి చెప్పింది. ఆమె శైలజ వైపు చూడకుండా, బిడ్డ టోపీ సరిచేస్తూ చెప్పింది.

"సిగ్గుపడితే అయితాదా అనె ఆ సిస్టరు. నాకు నొప్పి కంటే ఆ మాటే ఎక్కువ తగిలె. మా అత్త ఇనె, బయట ఇంకో ముసలామె ఇనె. ఇంగ నోరు తెరవొద్దు, ఏమైనా సరే వీళ్లకు చెప్పొద్దు అనుకుంటి. కాన్పయినాక కండ్లు తిరుగుతాంటే గూడ చెప్పాల్నా వద్దా అనుకుంటా ఉంటి. ఆ పొద్దంతా ఆమె ఊరకే కూర్చొని తన చెయ్యి పట్టుకోనిచ్చె గదా, అందుకని చెప్తి. అట్లనే అరుస్తా ఉంటే చెప్పేదాన్ని కాదు."

పక్కింటామె, "నేను ఒకసారి చెప్పలేదు" అంది. ఏం చెప్పలేదో ఆమె చెప్పలేదు. మేమూ అడగలేదు.

నేను తరగతిలో ఎన్నోసార్లు చెప్పిన పాఠం ఉంది. కాన్పు తర్వాత తల్లికి కళ్లు తిరిగితే, నీరసం వస్తే, వెంటనే గర్భసంచి చూడాలి అని. తల్లి ఆ సంగతి మనకు చెబుతుందా లేదా అన్నది ఆ పాఠంలో లేదు. మర్యాదగా మాట్లాడటాన్ని నేను అంతవరకు మంచి నడవడిగా చూశాను. అది వైద్యంలో భాగమని దొర్నిపాడులో తెలిసింది.

శైలజ కోపం

తిరుగు బస్సులో శైలజ నా పక్కన కూర్చుంది. ఆళ్లగడ్డ దాటాక అంది.

"నేను బతికించినా మేడమ్ ఆమెను. ఆ మాట చెప్పలేదే? తిట్టింది మాత్రం గుర్తుపెట్టుకునింది."

"నువ్వు చెయ్యి పట్టుకోనిచ్చింది గూడ చెప్పింది గదా."

"అందరి ముందర చెప్పింది."

"నువ్వూ అందరి ముందరే అంటివి."

శైలజ కిటికీ వైపు తిరిగిపోయింది. నంద్యాల వచ్చేదాకా ఏడ్చింది. నేను ఓదార్చలేదు. ఓదారిస్తే ఆ మాట బరువు తగ్గిపోతుందని అనిపించింది.

ఒక్క రోజులో ఆ పిల్ల మారిపోయిందని రాస్తే అబద్ధం. ఆ తర్వాత కూడా అరిచేది. అరిచాక ఆగేది. ఒకసారి ఒక తల్లిని విసుక్కొని, పది అడుగులు వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చి "తప్పయిపాయె అక్కా" అనడం చూశాను. అలా అనడం నేర్చుకోవడానికి ఆమెకు చదువు చివరిదాకా పట్టింది. కొందరికి చివరిదాకా కూడా రాదు. మా బ్యాచిలోనే ఒకమ్మాయి, "తల్లులకు అలుసిస్తే నెత్తికెక్కుతారు" అంటూ చదువు ముగించుకొని వెళ్లింది. మంచి మార్కులతోనే వెళ్లింది.

అన్నపూర్ణ మేడమ్ చెప్పిన సవరణ

దొర్నిపాడు సంగతులన్నీ అన్నపూర్ణ మేడమ్‌కు చెప్పాను. బకెట్టు మాట దగ్గర కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

ఇకపై విద్యార్థిని ప్రతి తల్లినీ అడిగే చెయ్యి వెయ్యాలని నేను ప్రతిపాదించాను. అందరూ వద్దంటారని, పిల్లల చదువు ఆగిపోతుందని ఆమె అంటుందనుకున్నాను. ఆమె వేరే మాట అంది.

"నొప్పుల మధ్యలో అడిగితే అది అడగడమే కాదు. ఆ టైములో మనిషి దేనికైనా ఊఁ అంటాది. కడుపుతో చూపించుకోవడానికి వస్తారు గదా నెల నెలా, అప్పుడడుగు. ఇంట్లోవాళ్ల ముందర, తీరికగా అడుగు. కాన్పు రోజు మళ్లీ అడుగు. ఆ రోజు వద్దంటే వద్దే."

నా ప్రతిపాదనలోని లోపాన్ని, ఆ ప్రతిపాదనే ఇష్టం లేని మనిషి పట్టుకుంది. మనతో ఏకీభవించని పై అధికారి మాట ఓపిగ్గా వినడానికి ఇంతకన్నా కారణం అక్కరలేదు.

అప్పటినుంచి ఒక్కో విద్యార్థినికి ఒక గర్భిణిని అప్పగించాం. నెలలు నిండేదాకా ఆమె ఇంటికి పోయిరావాలి. ఏం తింటుందో, ఎవరి మాట ఇంట్లో చెల్లుతుందో, నొప్పులొస్తే ఏ బండిలో తీసుకొస్తారో తెలుసుకోవాలి. కాన్పు రోజు ఒక విద్యార్థిని పని ఏమిటంటే, మధ్య మధ్య బయటికి వెళ్లి ఇంటివాళ్లకు సంగతి చెప్పడం, అంతే. మొదట్లో పిల్లలు దాన్ని శిక్షగా అనుకున్నారు. ఏడాదికొకసారి వసారా సభకు మళ్లీ పోయేవాళ్లం. ఊరు మారేది.

తల్లులు మొత్తంగా వద్దనలేదు. ముందే ఇంటికి వచ్చిపోయిన పిల్లను ఎక్కువమంది రానిచ్చారు. కొందరు వద్దన్నారు. వాళ్ల కాన్పుల్లో పిల్లలు స్టూలు మీద కూర్చొని చూశారు. తల్లుల అభిప్రాయానికి పరీక్షలో మార్కులు పెట్టించాలని కూడా ప్రయత్నించాను. అది కాలేదు. పైవాళ్లు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఒప్పుకోకపోవడమే మంచిదనిపిస్తుంది. మార్కుల కోసం నవ్వే పిల్లలు తయారయ్యేవాళ్లు.

శైలజ కాన్పు

నేను రిటైరయ్యే ఏడు శైలజ కాన్పుకు ఆళ్లగడ్డకే వచ్చింది. అప్పటికి ఆమె పగిడ్యాల వైపు స్టాఫ్ నర్సుగా చేస్తోంది. ఎన్నో కాన్పులు తన చేతుల మీద జరిగాయి. నెలనెలా చూపించుకోవడానికి వచ్చినప్పుడే హసీనా అనే విద్యార్థినిని ఆమెకు అప్పగించాం. "నేర్చుకోనీ మేడమ్, నా దగ్గర కాకపోతే ఎవరి దగ్గర నేర్చుకుంటాది" అని శైలజే అంది. ఆమె గడివేముల పుట్టింటికి వచ్చినప్పుడల్లా హసీనా అక్కడికి పోయి వచ్చేది. ఇద్దరికీ బాగా కుదిరింది.

కాన్పు రోజు పొద్దున నేనూ గదిలో ఉన్నాను. నొప్పులు ముదిరాక హసీనా చేతులు కడుక్కొని గ్లౌజులు వేసుకొని వచ్చింది.

"అక్కా, ఇప్పుడు చూద్దునా?"

శైలజ కళ్లు మూసుకొని ఉంది. "వద్దు హసీనా. ఇప్పుడు వద్దు. మేడమ్ చూస్తాది."

హసీనా నెలల తరబడి ఎదురుచూసిన రోజు అది. నేను ఆ పిల్ల మొహం చూస్తున్నాను. గ్లౌజులు తీసేసింది.

"సరే అక్కా. ఈడ కూర్చోనా, బయటికి పోనా?"

"కూర్చో."

కూర్చుంది. మగపిల్లవాడు పుట్టాడు. ఇబ్బందేమీ రాలేదు.

మరుసటి రోజు పొద్దున నేను వార్డులోకి వెళ్లేసరికి హసీనా శైలజ మంచం పక్కన ఉంది. మొహమాటపడుతూనే అడుగుతోంది.

"అక్కా, నిన్న నన్నెందుకు వద్దంటిరి? నేనేమన్నా తప్పు చేసినానా?"

"నువ్వేం చెయ్యలే. నాకు భయమైంది."

"మీకా? మీరు ఇన్ని కాన్పులు చేసినారు గదా అక్కా?"

"అందుకే" అంది శైలజ.

హసీనా బీపీ మిషను పట్టీ విప్పి, "చూడొచ్చునా అక్కా?" అంది.

శైలజ చెయ్యి చాపింది.